వెల్ల వేసినా తేలే మరకలు

ఇంటి పనుల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లోంచి ఈసారి గోడ మరకలవే ఏరాం. అన్నిట్లోనూ ఫిర్యాదు ఒకటే: రంగు వేశాం, మరక మళ్లీ తేలింది. కానీ మరకలన్నీ ఒకటి కావు. ఒకదానికి మందు అయినది ఇంకోదానికి విషం.

ప్రశ్న: మాది విజయనగరంలో పాత మేడ. టేకు దూలాల మీద ఇటుక పేర్చి సున్నపు గచ్చు వేసిన మిద్దె. కిందటేడు వానలకి వీధిగది పైకప్పు కారింది. పైన పగుళ్లు పూడ్పించాక కారడం ఆగింది గానీ, లోపల టీ ఒలికినట్టు గోధుమరంగు వలయాలు మిగిలిపోయాయి. తెల్ల ఎమల్షన్ నాలుగు పూతలు వేయించాను. వేసిన రోజు మల్లెపువ్వులా ఉంటుంది, మూడో రోజుకి మరక మళ్లీ ప్రత్యక్షం. రంగు నాసిరకమా, పెయింటర్ నీళ్లెక్కువ కలిపాడా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: పెయింటర్‌ని ఏమీ అనకండి మాస్టారూ. రంగు మంచిదే, అది పడిన చోటే దానికి సరిపడలేదు.

వాన నీరు మిద్దెలోంచి దిగుతూ టేకు దూలాల్లోని వగరు రంగునీ (టీ డికాక్షన్‌కి రంగునిచ్చే పదార్థం లాంటిదే), ఇటుక మట్టినీ, ఏళ్ల నాటి దుమ్మునీ కరిగించుకుని కిందికి తెస్తుంది. కిందికొచ్చాక నీరు ఆవిరవుతుంది, తెచ్చినదంతా అక్కడే మిగులుతుంది. తడి అంచు దగ్గర ఆరడం ఎక్కువ కాబట్టి రంగు అంచున పేరుకుని వలయంలా కనిపిస్తుంది. ఇప్పుడు దాని మీద ఎమల్షన్ వేశారు. ఎమల్షన్‌లో పెద్ద భాగం నీరే. ఆ నీరు తగలగానే ఎండిన మరక మళ్లీ కరుగుతుంది, పూత ఆరుతుంటే నీటితో పాటే పైకొస్తుంది. మీరు నాలుగు పూతలు వేశానంటున్నారు. మరక వైపు నుంచి చూస్తే నాలుగు సార్లు తడిపారు.

అందుకని మరక దేనిలో కరుగుతుందో ఆ ద్రవం ఉన్న పూత దాని మీద మొదట పడకూడదు. ఎలా తెలుస్తుందంటే, మూడు దూది ఉండలు చాలు. ఒకటి నీళ్లలో, ఒకటి స్పిరిట్‌లో, ఒకటి టర్పెంటైన్‌లో ముంచి, మరక మీద వేర్వేరు చోట్ల పది సెకన్లు అద్దండి. ఏ దూదికి రంగు అంటిందో మరక దానిలో కరుగుతున్నట్టు. మీ కప్పు మరకకి తడి దూదే గోధుమరంగు ఎక్కాలి.

ఇక పని. ముందుగా కారడం నిజంగా ఆగిందో లేదో తేల్చుకోండి. మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. రెండు మంచి వానల తర్వాత కూడా మరక గీత దాటకపోతే ఆగినట్టే. సిమెంటు స్లాబుల మీద చేసినట్టు నీళ్లు కట్టి పరీక్షించడం మాత్రం మీ మిద్దె మీద వద్దు. వంద చదరపు అడుగుల మీద రెండంగుళాల నీళ్లంటే దాదాపు 470 కిలోల బరువు. పాత దూలాల చివరలు గోడలో ఏ స్థితిలో ఉన్నాయో మనకి కనిపించదు. గొట్టంతో వాలు కింది భాగం నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట పావుగంట చొప్పున తడుపుతూ పైకి వెళ్లండి. పిట్టగోడ, మిద్దె కలిసే మూల దగ్గర, నీళ్లు దిగే తూము నోటి దగ్గర ఇంకాస్త ఎక్కువ సేపు నిలవండి. కారే మిద్దెల్లో చాలావాటికి దారి అక్కడే.

కప్పు ఆరాక వదులుగా ఉన్న పూతలు గీకేసి, 120 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. మరక మీద, దాని చుట్టూ అరడుగు మేర ఆయిల్ ప్రైమర్ ఒక పూత వేయాలి. నీళ్లతో కలిపేది కాదు, టర్పెంటైన్‌తో పలచన చేసేది. ఎంత కలపాలో డబ్బా మీద ఉంటుంది, అంతకు మించొద్దు. 24 గంటలు వదిలి చూడండి. మరక నీడ ఇంకా కనిపిస్తే మరో పూత. కనిపించకపోతే 180 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్ది, కప్పు మొత్తానికి, గోడ అంచుల దాకా, రెండు పూతల ఎమల్షన్. మరక ఉన్న మేర మాత్రమే వేస్తే అతుకు మెరుపు తేడాగా కనిపించి మరకకన్నా ఎక్కువ చికాకు పెడుతుంది.

ఇక్కడ చాలామంది పెయింటర్లు దారి తప్పుతారు. గీకగానే గుంటలకి పుట్టీ పెట్టేస్తారు. ఇప్పటి పుట్టీ కూడా నీళ్లతో కలిపేదే, మరకని అదీ లాగుతుంది. ఆయిల్ ప్రైమర్ ముందు, పుట్టీ ఆ తర్వాత, దాని మీద మామూలు ప్రైమర్, చివర ఎమల్షన్.

ఇంకొకటి. పగుళ్లు పూడ్చినప్పుడు లోపలి వైపు కొత్త సున్నంతో అతుకులు వేసి ఉంటే, అవి ఆరు నెలలైనా దాటాలి. పచ్చి సున్నం చమురుని సబ్బుగా మార్చేస్తుంది. దాని మీద ఆయిల్ ప్రైమర్ జిగటగా అయి పొరలుగా లేస్తుంది.

ప్రశ్న: నరసన్నపేట దగ్గర పల్లెలో మా అత్తవారి ఇల్లు. పడమటి గోడకి ఆనుకుని పూర్వం పశువుల సాల ఉండేది, తీసేసి పదేళ్లయింది. ఆ గోడకి లోపలి వైపు మూడడుగుల ఎత్తు వరకు తెల్లటి పొడి పొంగి రంగు పెచ్చులూడేది. సిమెంటు పూత వేయించి పైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేశాం. రెండేళ్లు బాగుంది. ఇప్పుడు నాలుగున్నర అడుగుల దగ్గర కొత్తగా పొంగుతోంది. టైల్స్ అతికించేయమని మేస్త్రీ అంటున్నాడు.
— ఒక గృహిణి, నరసన్నపేట మండలం

జవాబు: టైల్స్ వేస్తే ఉప్పు ఆరడుగుల దగ్గర పొంగుతుందమ్మా. ఆ పని ఆపించండి.

ఆ తెల్లపొడి ఉప్పు. వంటింటి ఉప్పు ఒక్కటే కాదు. పశువుల మూత్రం, పేడ ఏళ్లతరబడి ఇంకిన నేలలో పెట్లుప్పు పుడుతుంది. మతాబుల మందులో వాడే సురేకారం అదే. సాల తీసేసినా నేలలో, గోడ అడుగున అది మిగిలే ఉంటుంది. పాత గోడలకి పునాది మీద తేమని ఆపే పొర ఉండదు. నేల తడిని ఇటుక, మట్టి, సున్నం దీపపు వత్తి నూనెని పీల్చినట్టు పైకి పీలుస్తాయి. నీరు గోడ ముఖం మీద ఆవిరైన చోట ఉప్పు స్ఫటికం కడుతుంది. స్ఫటికానికి చోటు కావాలి, పైనున్న రంగునీ పూతనీ నెట్టేస్తుంది. మామూలు గోడలో ఇది సుమారు మూడడుగుల దగ్గర ఆగుతుంది, అక్కడికి ఎక్కే నీరూ ఆరే నీరూ సరిసమానం అవుతాయి కాబట్టి. మీరు ఆ మూడడుగుల మేరా సిమెంటుతో, వాటర్‌ప్రూఫ్ పూతతో మూసేశారు. ఆరే దారి లేక నీరు ఇంకా పైకి ఎక్కింది.

పై ఉత్తరంలో మరకని మూసెయ్యమన్నాం, ఇక్కడ మూయొద్దంటున్నాం. గోధుమరంగు వలయం అక్కడే ఉండిపోయిన రంగు. ఉప్పు అలా కాదు, వెనక నుంచి వస్తూనే ఉంటుంది. దాన్ని ఆపే పెయింట్ లేదు.

మొదట గోడ బయటికి వెళ్లి చూడండి. మన ఊళ్లలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది, ఇంటి గచ్చు కిందికి పోతుంది. బయటి నేల లోపలి గచ్చుకన్నా ఎత్తుగా ఉంటే ఎన్ని మందులు పూసినా దండగే. గోడ వెంబడి అడుగు వెడల్పున, లోపలి గచ్చుకన్నా కనీసం ఆరంగుళాలు కిందికి తవ్వించి, ఆ పాత సాల మట్టిని ఊరవతల పారబోయించండి. పెరట్లో మొక్కలకి వేయించినా ఫరవాలేదు, గోడ పక్కన మాత్రం వద్దు. ఆ కాలువలో ముప్పావు అంగుళం సైజు కంకర నింపి, నీళ్లు వీధి కాలువలోకి పోయేలా వాలు ఇవ్వాలి. చూరు నీళ్లు సరిగ్గా గోడ మొదట్లో పడుతుంటే దోనె కట్టించండి.

లోపల సిమెంటు పూత మొత్తం తీసేయాలి. ఉప్పు కనిపించే గీతకి ఇంకో అడుగు పైదాకా, అంటే మీకు అయిదున్నర అడుగుల వరకు. ఇటుకల మధ్య అతుకులు కూడా ముప్పావు అంగుళం లోతు గోకించండి. ఉప్పు ఎక్కువ ఉండేది వాటిలోనే. తర్వాత పొడిచీపురు, కొబ్బరి పీచు బ్రష్‌తో దులపండి. నీళ్లతో కడగొద్దు, ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. దులిపినదాన్ని కింద పరిచిన కాగితం మీద పట్టి, ఇంటికి దూరంగా పారేయాలి. వారానికోసారి చొప్పున నాలుగైదు సార్లు దులపండి.

ఉప్పు మరీ దట్టంగా ఉన్న చోట పట్టు వేయొచ్చు. చైనా క్లే (తెల్ల బంకమట్టి) ఒక పాలు, కడిగిన ఏటి ఇసుక రెండు పాళ్లు, నానబెట్టి రుబ్బిన తెల్లకాగితపు గుజ్జు ఒక పాలు కలిపి, మంచినీళ్లతో చపాతీ పిండికన్నా కాస్త జారుగా చేసుకోండి. ఉప్పు బావి నీళ్లు పనికిరావు, తీసే ఉప్పుకన్నా పెట్టేది ఎక్కువవుతుంది. గోడ కొద్దిగా తడిపి, అర అంగుళం మందాన పట్టించి, పూర్తిగా ఎండి పగుళ్లు తీసే దాకా రెండు మూడు వారాలు కదపకండి. ఆరేటప్పుడు ఉప్పు గోడలోంచి పట్టులోకి వస్తుంది. ఊడదీసి పారేయాలి, రెండోసారి వాడకూడదు. అవసరమైతే ఇంకో పట్టు.

తర్వాత సున్నపు పూత: నానిన సున్నపు ముద్ద ఒక పాలు, ఏటి ఇసుక మూడు పాళ్లు. సముద్రపు ఒడ్డు ఇసుక తేలిగ్గా దొరుకుతుందని తెప్పించకండి. అర అంగుళం లోపు మందంతో మొదటి చేయి, పది రోజులాగి రెండో చేయి. ఒక్కో చేయికి మూడు నాలుగు రోజులు తడి గోనెపట్టా వేలాడదీసి నెమ్మదిగా ఆరనివ్వాలి. పైన పలచటి వెల్ల నాలుగు పూతలు. ఈ పూత శాశ్వతం కాదని ముందే అనుకోండి. మిగిలిన ఉప్పుని తనలోకి తీసుకుని కొన్నేళ్లకి అది పాడవుతుంది, ఇటుక బతుకుతుంది. అప్పుడు పూత మార్చుకుంటారు.

గోడకి రంధ్రాలు వేసి తేమని ఆపే రసాయనం ఎక్కించే పద్ధతి కూడా ఉంది. నేలకి ఆరంగుళాల పైన, అడ్డు అతుకు వెంట, నాలుగైదు అంగుళాలకొకటి చొప్పున అర అంగుళం రంధ్రాలు వేసి సిలేన్ క్రీము నింపుతారు. అతుకులు తిన్నగా ఉన్న ఇటుక గోడలో అది పనిచేస్తుంది. మట్టితో కట్టిన మందపాటి గోడలో, రాళ్లూ మట్టీ కలిసిన గోడలో క్రీము ఎటు పోతుందో తెలియదు. అందులోనూ పాత ఉప్పు గోడలోనే ఉండిపోతుంది కాబట్టి పూత మార్చడం ఎలాగూ తప్పదు. కంకర కాలువ తవ్వించి ఒక వానాకాలం చూశాకే ఆ ఖర్చు గురించి ఆలోచించండి.

ప్రశ్న: బొబ్బిలిలో మా పాత వంటింట్లో నలభై ఏళ్లు కట్టెల పొయ్యి వెలిగింది. ఇప్పుడు దాన్ని పిల్లల చదువు గదిగా మార్చాం. గోడలు సబ్బుతో కడిగించి రంగు వేస్తే వారంలో పసుపుపచ్చ చారలు దిగాయి. వాన రోజున పొగ వాసన కూడా వస్తోంది.
— ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: పొగచూరులో రెండు రకాలున్నాయి. పొడిగా ఉండే మసి ఒకటి, దాని కింద జిగురుగా పట్టిన కట్టెల తారు ఒకటి. మసిని ముందు పొడిగానే తీయాలి. తడి తగిలితే అది గోడలోకి ఇంకుతుంది. మెత్తటి పొడి చీపురుతో పైనుంచి కిందికి దులిపాక, ఎండిన స్పాంజితో ఒకే దిశలో తుడవండి, రుద్దకండి.

తర్వాత జిగురు. అయిదు లీటర్ల గోరువెచ్చని నీటిలో వంద గ్రాముల బట్టల సోడా. కడగడం కింది నుంచి పైకి. ఇది తలకిందులుగా అనిపిస్తుంది గానీ, పైనుంచి మొదలుపెడితే మురికి నీరు పొడి గోడ మీద చారలుగా జారి ఆ చారలు మళ్లీ వదలవు. కింద తడిసి ఉంటే జారిన నీరు అంటదు. రెండుసార్లు మంచినీళ్లతో తుడిచి, వారం ఆరనివ్వండి. గోడ మీద ఎనామిలో, గట్టి డిస్టెంపరో ఉంటేనే ఈ కడగడం. సున్నం వెల్ల ఉంటే కడగొద్దు, గీకెయ్యండి. పొగ పట్టింది ఆ పొరలకే.

మిగిలిన మరకకి లక్క. వడ్రంగులు తలుపులకి పాలిష్ పెట్టడానికి వాడే లక్క రేకులు 150 గ్రాములు ఒక లీటరు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, మధ్యమధ్య కలిపి, పలచటి గుడ్డతో వడగట్టండి. వెడల్పు కుంచెతో ఒక పూత, గంట తర్వాత రెండోది. లీటరు ఒక పూతకి సుమారు వంద చదరపు అడుగులు వస్తుంది, గరుకు గోడకి తక్కువ. కట్టెల తారు స్పిరిట్‌లో కూడా కొంత కరుగుతుంది, మరి మొదటి జవాబులో చెప్పిన సూత్రం ఏమైందని అడగొచ్చు. లక్క పూత పావుగంటలో ఆరిపోతుంది, మరకకి పైకొచ్చే వ్యవధి ఉండదు. అందుకే కుంచె ఒక్కసారే లాగాలి. వేసిన చోటే మళ్లీ మళ్లీ రుద్దితే తారు కలిసిపోతుంది. వాసన బయటికి రాకుండా ఆపడంలోనూ లక్క బాగా పనిచేస్తుంది.

నారింజ రంగు లక్క ఎమల్షన్ కింద కొద్దిగా కనిపిస్తుంది, రెండో పూతతో పోతుంది. తడి గోడ మీద లక్క పాలిపోయి తెల్లబడుతుంది, కొత్త సున్నం మీద చెడిపోతుంది. రెండూ లేవని చూసుకున్నాకే వేయండి. ఆ రోజు ఇంట్లో పొయ్యి, దీపం, బీడీ ఏవీ ఉండకూడదు. స్పిరిట్ ఆవిరి అంటుకుంటుంది. కిటికీలన్నీ తెరిచి ఉంచాలి, మిగిలిన స్పిరిట్ పిల్లలకి అందకుండా దాచాలి. అది విషం.

ప్రశ్న: గుమ్మం పక్క గోడ మీద పసుపు చేతులు అంటాయి. సబ్బు పెట్టి కడిగితే ఎర్రబడ్డాయి. ఇదేమిటి?
— గజపతినగరం

జవాబు: సబ్బు క్షారం. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పసుపుకి సున్నం కలిపి కుంకుమ చేసేది ఆ కిటుకుతోనే. ఇంక సబ్బు, సోడా ముట్టకండి. నీళ్లతో తుడిచి, ఎండ పడే గోడైతే కొన్నాళ్లు వదిలేయండి, ఎండకి పసుపు రంగు వెలిసిపోతుంది. నీడ గోడైతే పైపొర గీకి, ఆయిల్ ప్రైమర్ వేసి, తర్వాత రంగు. ఇక్కడ లక్క వద్దు, పసుపు స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. వచ్చే పండక్కీ పసుపు చేతులు పడతాయి కాబట్టి, గుమ్మానికి రెండు వైపులా జానెడు వెడల్పున పసుపు ఎనామిల్ పట్టీ వేయించుకుంటే ఇంట్లో అందరికీ శాంతి.

ప్రశ్న: నేను పెయింటర్ని. మా వైపు అందరూ సంక్రాంతికి ముందే రంగులు వేయమంటారు. విజయనగరంలోనైతే సిరిమానోత్సవానికి చుట్టాలొస్తారని వానల్లోనే పని పెడతారు. గోడ ఆరలేదంటే వినరు. రెండు నెలలకి ఉబ్బితే నన్ను తిడతారు. గోడ తడిని ఓనరు కళ్లకి చూపించే మార్గం ఏదైనా ఉందా?
— ఆమదాలవలస

జవాబు: ఉంది, పది రూపాయలు కూడా కాదు. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పున్న పలచటి పాలిథిన్ షీటు గోడకి ఆనించి, నాలుగంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించండి. ఒక రోజు ఉంచి, ఓనరు ఎదురుగానే విప్పండి. షీటు లోపలి వైపు నీటి బిందువులుంటే గోడలోంచి తడి వస్తోంది. లోపల పొడిగా ఉండి బయటి వైపు చెమర్చితే అది గది గాలిలోని తేమ, గాలి ఆడేలా చూస్తే చాలు. టేపు రంగుని పట్టుకొచ్చేస్తే అదీ మంచి సమాచారమే, పాత పూత వదులుగా ఉందన్నమాట.

ఎన్నాళ్లు ఆగాలన్నదానికి పాత లెక్క ఒకటుంది. తడిసిన గోడ అంగుళం మందానికి సుమారు నెల. తొమ్మిదంగుళాల ఇటుక గోడ లోపలిదాకా నానితే తొమ్మిది నెలలు. 2014 అక్టోబర్ హుద్‌హుద్ తుపానుకి, 2018 అక్టోబర్ తిత్లీ తుపానుకి పెంకులు లేచిపోయి గోడల తల మీదే వాన పడింది. అలా నానిన గోడకి ఆ సంక్రాంతికే రంగు వేస్తే నిలవదు. మామూలు వానాకాలం తర్వాత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన ప్రాంతంలో గోడలకి మంచి రోజులు.

ఓనరు ఎంతకీ వినకపోతే రాజీ ఒకటుంది. పండక్కి వెల్ల వేసేయండి. గాలి ఆడే పూత కాబట్టి గోడ ఆరుతూనే ఉంటుంది, చుట్టాలకి తెల్లగా కనిపిస్తుంది. మార్చిలో వదులుగా ఉన్న వెల్ల గీకి ఎమల్షన్ పని మొదలుపెట్టొచ్చు. వెల్ల గట్టిపడటానికి కొందరు గుప్పెడు ఉప్పు కలుపుతారు. తేమ గోడల ఊళ్లలో ఆ అలవాటు మానుకోవాలి. బదులుగా పది లీటర్ల వెల్లకి నలభై గ్రాముల బంక కరిగించి పోయండి.

పాత తలుపులకి ఎనామిల్ గీకేటప్పుడు ఒక జాగ్రత్త. పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం బాగా ఉంది. పొడిగా రుద్దకండి, తడి ఎమరీ వాడండి. ఆ దుమ్ము ఇంట్లో పసిపిల్లలకన్నా ముందు మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ప్రశ్న: కళింగపట్నంలో తీరానికి దగ్గరగా 1980ల్లో కట్టిన స్లాబు ఇల్లు. కప్పు మీద తిన్నటి గీతల్లా తుప్పు రంగు మరకలు, రంగు వేసిన ఏడాదికే మళ్లీ. కింద కారడం లేదు. ఏ ప్రైమర్ మంచిది?
— కళింగపట్నం

జవాబు: ప్రైమర్ మాట తర్వాత. మరకలు తిన్నగా, సమాన దూరంలో ఉన్నాయంటే అవి లోపలి ఇనుప చువ్వల దారి. తీరపు గాలిలోని ఉప్పుగానీ, ఆ రోజుల్లో కలిపిన ఇసుకలోని ఉప్పుగానీ చువ్వ దాకా చేరితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండింతలకు మించి చోటు తీసుకుంటుంది, దాంతో కాంక్రీటు లోపలి నుంచే చిట్లుతుంది.

చిన్న సుత్తితో ఆ గీతల వెంట, వాటి పక్కన కొడుతూ వెళ్లండి. ఖంగుమంటే గట్టిది. డొల్ల శబ్దం వస్తే పెచ్చు విడిపోయింది, ఏ రోజైనా నెత్తిన పడొచ్చు. ఆ కింద మంచం ఉంటే ఈ రాత్రికే జరపండి. డొల్ల అరచేయికి మించిన మేర ఉన్నా, గీతల వెంట పగుళ్లున్నా స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించాల్సిందే. చువ్వ వెనక దాకా కాంక్రీటు తీసి, వైరు బ్రష్‌తో తుప్పంతా రాల్చి, జింక్ ప్రైమర్ పూసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చడం అనే పని ఉంది. చువ్వ సన్నబడి ఉంటే అదొక్కటే చాలదు, ఎంత మిగిలిందో కొలిచి ఆయన చెప్పాలి. పైపైన సిమెంటు మెత్తి రంగు వేసే మేస్త్రీని మాత్రం గుమ్మం దాటనివ్వకండి.

గోడలో మరిచిపోయిన మేకు వల్ల వచ్చే ఒంటి తుప్పు చుక్క అయితే వేరు. మేకు పీకేసి గుంట పూడ్చుకుంటే సరి. పీకడం కుదరకపోతే తల గీకి లోహపు ప్రైమర్ చుక్క పెట్టి, ఆరాక ఎమల్షన్. ప్రైమర్ లేకుండా వేస్తే రంగులోని నీటికే తెల్లారేసరికి మళ్లీ తుప్పు తేలుతుంది.

ప్రశ్న: బీరువా వెనక గోడ మీద నల్ల చుక్కలు. తుడిస్తే పోతాయి, నెలకి మళ్లీ వస్తాయి. ఇది కూడా ఉప్పేనా?
— చీపురుపల్లి

జవాబు: కాదు, బూజు. బట్టలకి వాడే బ్లీచింగ్ ద్రావణం ఒక చుక్క వేసి చూడండి. కొన్ని నిమిషాల్లో నలుపు తెల్లబడితే బూజు, తెల్లబడకపోతే మసి. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి మూడు పాళ్లు నీళ్లు కలిపి, గ్లౌజులు తొడుక్కుని, స్పాంజితో తడిపి పావుగంట ఆగి తుడవండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి, వచ్చే గాలి ప్రాణాంతకం. గోడ మూడు రోజులు ఆరాకే రంగు. బీరువాని గోడకి ఆరంగుళాలు ఎడంగా జరిపితే సగం పని అయినట్టే. గాలి ఆడని చోటు మళ్లీ చెమరుస్తుంది.

ప్రశ్న: గోడ అడుగున పూర్వం పూసిన తారు పట్టీ మీద ఏ రంగు వేసినా గోధుమరంగుకి తిరుగుతోంది.
— ఇచ్ఛాపురం

జవాబు: తారు టర్పెంటైన్‌లో కరుగుతుంది, అందుకే ఆయిల్ ప్రైమర్ వేసిన కొద్దీ పైకొస్తుంది. కట్టెల తారులా స్పిరిట్‌లో కరగదు. బొబ్బిలి ఉత్తరానికి చెప్పిన లక్క పూతే రెండు చేతులు వేసి, ఆరాక నేరుగా ఎమల్షన్ వేయండి. తారు మందంగా, మెత్తగా ఉంటే ముందు చల్లటి పొద్దున పూట, అది పెళుసుగా ఉన్నప్పుడు, లప్పం పట్టీతో గీకాలి. మధ్యాహ్నం ఎండలో గీకితే పట్టీకి అంటుకుని గోడంతా పులుముకుంటుంది.